మా కొండ ఊరి జనాభా

సౌదీలో ఖమీస్ ముషైత్ పట్నంలోని పెద్దాసుపత్రి నుంచి నన్ను కొండమీది ఊరి హెల్త్ సెంటర్‌కు మార్చారని తెలిసిన రోజు మా ఆయన సరిగ్గా అన్నం తినలేదు. ఆయన అదే పట్నంలో ఒక కట్టడాల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆయన దమ్మామ్‌లో, నేను కృష్ణా జిల్లాలో. తర్వాత ఆయన దమ్మామ్‌లో, నేను ఇక్కడ. నానా తంటాలు పడి కంపెనీ మారి ఆయన నా దగ్గరికి వచ్చి ఎంతో కాలం కాలేదు.

"ఒక పొయ్యి మీద వండుకుంటున్నామో లేదో, నిన్ను కొండెక్కించారు," అన్నారు.

"ఎక్కినదాన్ని దిగలేనా? గురువారం సాయంత్రం వస్తా, ఆదివారం పొద్దున వెళ్తా," అన్నాను.

ఆయనకు ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదది. నర్సుగా నేను ఎక్కడైనా బతకగలనన్న నమ్మకం నాకు ట్రైనింగ్ రోజుల నుంచీ ఉంది. చిన్న ఊరంటే భయమూ లేదు. పుట్టింది పంట కాలవ గట్టు మీద ఊళ్ళోనే.

తీరా చూస్తే ఆ ఊరు నేనెరిగిన ఏ ఊరిలాగానూ లేదు. కొండ నుదుటి మీద పాతకాలపు రాతి ఇళ్ళు, వాటి పక్కన కొత్త సిమెంటు ఇళ్ళు. కింద లోయదాకా మెట్లు మెట్లుగా కోసిన పొలాలు, వాటి చుట్టూ నాగజెముడు కంచెలు. సరుగుడు చెట్లంత ముదురాకుపచ్చగా ఉండి, పొట్టిగా, ముడులుపడి పెరిగిన చెట్లు. మధ్యాహ్నం దాటితే కింది నుంచి మంచు పైకి పాకి ఎదుటి ఇల్లు కనబడదు. వచ్చిన రోజే పెద్ద కోతుల గుంపు ఒకటి నా సంచిలోంచి అరటిపళ్ళు లాక్కుని, గోడమీద కూర్చుని నా ఎదురుగానే ఒలుచుకు తింది. సౌదీ అంటే ఇసుక అనుకునే మా చుట్టాలకు ఫోటోలు పంపితే, "ఇదెక్కడి ఊటీ?" అని అడిగారు.

హెల్త్ సెంటర్ వెనకే రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. సూడాన్ డాక్టరు గారొకాయన ఉండేవారు. పెద్దాయన, మంచివారు, మోకాళ్ళ నొప్పులతో నాకంటే ఎక్కువ మందులు మింగేవారు. నేను గదిలో సామాను సర్దుకుంటుండగా ఊరి పెద్ద వచ్చాడు. చేతిలో గహ్వా, అంటే అరబ్బు కాఫీ ఫ్లాస్కు, జేబులో ఖర్జూరాలు.

ఇక్కడ ఊరి పెద్దను నాయబ్ అంటారు. మన సర్పంచిలాగా ఓట్లేసి గెలిపించరు. తెగ పెద్దలు కూర్చుని ఒక మనిషిని అనుకుంటారు, పై అధికారులు సరేనంటారు. ఊరికొక నాయబ్, అలాంటి కొన్ని ఊళ్ళకు కలిపి తెగ షేక్, ఆ పైన మర్కజ్ అని మన మండలాఫీసులాంటిది. ఊళ్ళో ఎవరికేం కాగితం కావాలన్నా ఈ మనిషి ఇతడేనని నాయబ్ చెప్పాలి. పొలం గోడ కూలి పక్కవాడి మీద పడితే తీర్పు చెప్పాలి. నీళ్ళ ట్యాంకరు ముందు ఏ ఇంటికి వెళ్ళాలో, తప్పిపోయిన మేక ఎవరిదో తేల్చాలి. మా నాయబ్ అరవై దాటిన మనిషి, సైన్యంలో చేసి రిటైరైనవాడు. నడక ఇంకా పెరేడ్‌లాగానే ఉండేది.

"సిస్టర్, ఒక్క మాట," అన్నాడు నా చేతికి చిన్న కప్పు అందిస్తూ. "ఈ తలుపు దగ్గరికి ఎవరొచ్చినా ముందు దెబ్బ చూడు. ఇఖామా కార్డు, ఉండటానికి అనుమతి ఉందా లేదా, తర్వాత చూడొచ్చు. ఎవరైనా అడిగితే నాయబ్ చెప్పాడని చెప్పు."

నాకు ఆ మాట నచ్చింది. గహ్వా కూడా నచ్చింది.

మర్నాడు పొద్దున వచ్చిన మొదటి పేషెంటు నాయబ్ అక్క. ఎనభై ఏళ్ళుంటాయేమో, ఆవిడకే తెలియదు. పసుపుపచ్చ తలగుడ్డ, దానిమీద వెడల్పాటి గడ్డి టోపీ, చెవి పక్కన మరువంలాంటి వాసనాకు రెమ్మ. బీపీ చూస్తుంటే నా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "గాజులేవి? నీకు మొగుడు లేడా?" అని అడిగింది. ఉన్నాడని చెప్పాను. "అయితే ఇక్కడెందుకున్నావు?" అంది. ఊళ్ళో అందరూ ఆవిడను "అమ్మ" అనే పిలిచేవారు. నాకూ మొదట్లో మన అమ్మే అనిపించింది. ఆ ముడి విప్పింది ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన పనిమనిషి. నేను నోట్లోనే సణుక్కున్న తెలుగు మాట విని ఆమె ఉలిక్కిపడింది.

"అక్కా! నువ్వు తెలుగామెవా? మాది రాయచోటి తట్టు. తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో! ఫోన్లో మా పిల్లోల్తో తప్ప నోరు తెరిచేదే ల్యా."

"ఈవిడకు ఊరంతా పిల్లలేనా? అందరూ అమ్మా అంటున్నారు," అన్నాను.

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "నేనూ వచ్చిన కొత్తల్లో అట్లనే అనుకుంటి. అమ్మా అంటే వీళ్ళకు మేనత్తక్కా. నాయిన తోడబుట్టింది. ఈమె అందరికీ మేనత్తే. మొగోళ్ళు నోరు తెరవల్లంటే ఈమె మొగం చూసి తెరస్తారు."

అది అతిశయోక్తి కాదని తొందరలోనే తెలిసింది. మర్కజ్‌కు వెళ్ళేముందు నాయబ్ అక్కగారి గుమ్మంలో ఒక్క నిమిషం ఆగి వెళ్ళేవాడు. ఊరి మీద ప్రభుత్వం ముద్ర తమ్ముడిదైతే, మాట అక్కది.

ఆ ఊరి జనం సంగతి చెప్పాలి. పండగ సెలవుల్లో చూస్తే అది పెద్ద ఊరే. కార్లు పెట్టడానికి చోటు ఉండదు. మామూలు రోజుల్లో సగం తలుపులకు తాళాలు. కుర్రాళ్ళు ఖమీస్ ముషైత్‌లో మిలటరీలోనో కొట్లలోనో ఉన్నారు. కొందరు దమ్మామ్ దాకా, మదీనా దాకా వెళ్ళిపోయారు. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళు, పొలం విడిచి రానని మొండికేసిన కొన్ని కుటుంబాలు, వాళ్ళ పిల్లలు. వాళ్ళతోపాటు మేమూ ఉన్నాం. గొర్రెలు కాసే బంగ్లాదేశ్ మనుషులు, నీళ్ళ ట్యాంకరు తోలే పెషావర్ పఠాన్, కిరాణా కొట్టు మలయాళీ, రాయచోటి చెల్లెలు, డాక్టరు గారు, నేను. రోజూ పొద్దున ఊళ్ళో తలుపులు తెరిచే చేతుల్లో మా చేతులు తక్కువేం కాదు. కానీ ఊరి సంగతి మాట్లాడేటప్పుడు మమ్మల్నెవరూ ఊరివాళ్ళని అనరు. మేమూ అనుకోం. మా కాగితాలు వేరు, ఇక్కడ ఉండే కాలం వేరు.

అక్కడ రెండు చలికాలాలు గడిచాక ఆ వార్త వచ్చింది. ఊళ్ళో జనం తగ్గిపోయారు కాబట్టి మా హెల్త్ సెంటర్‌ను లోయలోని పెద్ద ఊరి సెంటర్‌లో కలిపేయాలని పైన అనుకుంటున్నారు. ఒక అధికారి వచ్చి చూసి రిపోర్టు రాస్తాడు. గురువారం వస్తున్నాడు.

ఫోన్లో చెప్పగానే మా ఆయన గొంతులో దీపావళి వినబడింది.

"దేవుడు మన ప్రార్థన విన్నాడే! మూసేస్తే నిన్ను మళ్ళీ ఇక్కడికే వేస్తారు."

"నేను అలా ప్రార్థన చెయ్యలేదండీ."

"నేను చేశాగా. ఇద్దరి తరఫునా."

నవ్వాను గానీ మనసు బాగాలేదు. ఆయన చెప్పింది నిజం. సెంటర్ మూతపడితే నష్టపోయేదాన్ని నేను కాదు, బాగుపడేదాన్ని నేనే. పట్నం, ఒకే ఇల్లు, సాయంత్రం ఇద్దరం కలిసి తాగే టీ. ఆ మాట ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. అలాగని ఆ కోరిక నాలో బలంగా ఉందా అంటే అదీ లేదు. పట్నం ఆసుపత్రిలో నేను ఒక షిఫ్టుని. ఇక్కడ ఎవరి షుగరు ఎందుకు పెరిగిందో, ఏ పిల్లకు ఏ సూది బాకీ ఉందో, ఏ ముసలాయన మాత్రలు మింగకుండా దిండు కింద దాస్తాడో నాకు తెలుసు. పని అంటే ఇది కదా అనిపించిన మొదటి చోటు అది.

నాయబ్ సైనికుడిలాగానే ఆలోచించాడు. జనం తక్కువ అంటున్నారా, అయితే జనాన్ని తెప్పిద్దాం. ఖమీస్ ముషైత్, అబహా, జెద్దా, దమ్మామ్, ఊరివాళ్ళు ఎక్కడెక్కడుంటే అక్కడికి ఫోన్లు వెళ్ళాయి. గురువారానికల్లా పిల్లాజెల్లాతో ఊళ్ళో ఉండాలి. కుంటిసాకులు వద్దు. గొర్రెలు కోయించాడు. బుధవారం సాయంత్రం నుంచే కార్లు బారులు తీరి కొండెక్కాయి. తాళాలు ఊడాయి, కిటికీలు తెరుచుకున్నాయి. కిరాణా మలయాళీ సరుకంతా అయిపోయి తల పట్టుకున్నాడు.

మేనత్తకు మాత్రం కోపం వచ్చింది. ఇంజెక్షన్ చేయించుకోవడానికి వచ్చి మూలనున్న బల్ల మీద కూర్చుని, గుమ్మంలో నిలబడ్డ తమ్ముణ్ణి దులిపేసింది.

"పెళ్ళికి గిన్నెలు అరువు తెచ్చినట్టు మనుషుల్ని అరువు తెచ్చావు. రేపు గిన్నెలు తిరిగి వెళ్ళిపోతాయి. అప్పుడేం చూపిస్తావు?"

"వీళ్ళు పరాయివాళ్ళా అక్కా? అందరూ మన రక్తమే."

"రక్తం మనదే. బీపీ చూపించుకునేది ఎక్కడ? పట్నంలో."

డాక్టరు గారు స్టెతస్కోపు సర్దుకుంటున్నట్టు తలదించుకుని నవ్వుకున్నారు.

అధికారి వస్తున్నాడు కాబట్టి ఆ గురువారం నేను కిందికి దిగడానికి లేదు. ఆ సంగతి తెలిసి మా ఆయనే కంపెనీ పికప్ అడిగి తీసుకుని పైకొచ్చారు. అప్పటికి అన్నాళ్ళయినా ఆయన ఊళ్ళోకి రాలేదు. అలిగి రాలేదనుకుంటాను. వచ్చీరాగానే నాయబ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి తన ఇంటి మగవాళ్ళ గదిలోకి లాక్కెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. జనం ఎంతమంది ఉంటే అంత మంచిది కదా.

తీరా మధ్యాహ్నానికి మర్కజ్ నుంచి ఫోను. దారిలో మంచు దట్టంగా ఉంది, అధికారి ఆదివారం వస్తాడు.

నాయబ్ ముఖం చూడాల్సింది. కోసిన గొర్రెలు కోసినట్టే ఉన్నాయి కాబట్టి విందు ఆగలేదు. గురువారం తిన్నారు, శుక్రవారం తిన్నారు, శనివారం మిగిలింది తిన్నారు. మా ఆయన కూడా తేనె, నెయ్యి పోసిన రొట్టెముద్ద చేత్తో తుంచుకుని తింటూ, "మన బొబ్బట్టుకు దూరపు చుట్టంలా ఉందే," అన్నారు. శుక్రవారం క్వార్టర్‌లో తలుపేసుకుని మేమిద్దరం ఫోనులో బైబిలు చదువుకుంటున్నప్పుడు, "ఇక్కడ గాలి బాగుందే," అన్నారు ఉన్నట్టుండి. అది పొగడ్తో ఫిర్యాదో తెలియలేదు.

శనివారం సాయంత్రం కార్లు మళ్ళీ బారులు తీరి కొండ దిగాయి. మర్నాడు బడులు, ఉద్యోగాలు. మా ఆయన పికప్ కూడా వాటి వెనకే వెళ్ళింది. ఆదివారం పొద్దున లేచి చూస్తే ఊరు ఎప్పట్లాగే ఉంది. తాళాలు, నిశ్శబ్దం, గొర్రెల మెడలో గంటలు.

అధికారి పది దాటాక, లోయ దారిన కాక పట్నం రోడ్డున వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ లోపు మనిషి, ఇస్త్రీ నలగని తెల్ల అంగీ, మాటలో మర్యాద. వెంట మర్కజ్ నుంచి ఒకాయన. మా వెయిటింగ్ హాల్లోనే కూర్చున్నారు. నాయబ్ గహ్వా పోశాడు. డాక్టరు గారు సెంటర్ చూపించారు. నేను సూదిమందులు పెట్టే ఫ్రిజ్ తెరిచి చూపించాను.

"ఊళ్ళో ఎంతమంది ఉంటారు?" అని అడిగాడు అధికారి.

నాయబ్ ఒక పెద్ద అంకె చెప్పాడు. అది తెగ లెక్క. దమ్మామ్‌లో పుట్టి దమ్మామ్‌లోనే పెరుగుతున్న పిల్లలతో సహా. అధికారి కిటికీలోంచి బయటికి చూశాడు. వీధిలో ఒక మేక తప్ప ఎవరూ లేరు. అతను నావైపు తిరిగి, "నువ్వు చెప్పు సిస్టర్. ఎంతమంది?" అన్నాడు.

నాయబ్ కప్పులోకి చూస్తున్నాడు. ఆయన మాట కాదంటే ఆయన పరువు పోతుంది. అవునంటే నా మాట అబద్ధమవుతుంది. నేను అబద్ధం ఆడి ఏ పేషెంటునూ బాగుచేయలేదు. చెప్పేదేదో నిలబడే మాటే చెబుదామనుకున్నాను.

"ఏ రోజు లెక్క కావాలో చెప్పండి సార్," అన్నాను. "పండగనాటి లెక్క నాయబ్ గారు చెప్పారు. అది నిజమే, నా కళ్ళతో చూశాను. ఇవాళ్టి లెక్క అయితే చాలా తక్కువ. కానీ ఆసుపత్రి కావలసింది ఇవాళ్టి వాళ్ళకే. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, పనివాళ్ళు. కారు తోలగలిగిన వాళ్ళంతా పట్నంలో ఉన్నారు."

నాయబ్ తల ఎత్తాడు. కోపం లేదని కళ్ళు చూస్తే తెలిసింది. అధికారి తల ఊపాడు గానీ అతని ప్రశ్న అతనికుంది.

"కింది సెంటర్ దగ్గరే కదా? మ్యాపులో పావుగంట చూపిస్తోంది."

అప్పుడు ఆడవాళ్ళ గది వైపు నుంచి గొంతు వినిపించింది.

"పావుగంటేనా? అయితే నన్ను తీసుకెళ్ళు నాయనా."

మేనత్త గడ్డి టోపీతో సహా గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన రాయచోటి చెల్లెలు.

"ఇవాళ నాకు బీపీ చూడాలి. ఇక్కడ మూసేస్తే అక్కడికే కదా వెళ్ళాలి? దారి నేర్చుకుంటాను. నీ కారు ఉంది కదా."

అధికారి లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీరెందుకు శ్రమపడతారు..."

"శ్రమ ఏముంది? పావుగంట."

మేనత్త వయసు ఆడది అడిగితే కాదనే మగవాడు ఆ కొండల్లో ఇంకా పుట్టలేదు. అధికారి మర్కజ్ మనిషిని అక్కడే ఉండమని చెప్పి కారు తాళాలు తీశాడు. తోడుగా ఒక నర్సు ఉంటే మంచిదని డాక్టరు గారు నన్ను పంపారు. ముందు సీట్లో మేనత్త, వెనక నేనూ రాయచోటి చెల్లెలూ.

రెండో మలుపు దగ్గరే కారు ఆగింది. పఠాన్ నీళ్ళ ట్యాంకరు పైకి వస్తోంది. ఇద్దరికీ దారి చాలదు. ట్యాంకరు వెనక్కి వెళ్ళలేదు కాబట్టి అధికారే మలుపుదాకా రివర్సు తీసుకోవాలి. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. అతని చెవుల వెనక చెమట వెనక కూర్చున్న నాకు కనిపిస్తూనే ఉంది. తర్వాత నాలుగో మలుపులో రోడ్డు మీద రాళ్ళు. ఆ తర్వాత కోతులు, గుంపంతా రోడ్డు మధ్యలో కూర్చుని పేలు చూసుకుంటున్నాయి. హారన్ కొడితే ముసలి మగకోతి పళ్ళు చూపించింది. కింది దాకా మలుపులే. మేనత్త కళ్ళు మూసుకుని డోరు పట్టుకుని కూర్చుంది. రాయచోటి చెల్లెలు ప్లాస్టిక్ సంచి సిద్ధంగా పట్టుకుంది.

"అక్కా, ఈయమ్మ కారెక్కితే వాంతి ఖాయం. అందుకే పట్నానికి కొడుకు పిల్చినా పోదు. కావల్నే ఎక్కింది సూడు."

చెప్పినట్టే అయింది. అధికారి కారు ఆపి, నీళ్ళ సీసా అందించి, రోడ్డు పక్కన ఆవిడ భుజం పట్టుకుని నిలబడ్డాడు. "క్షమించండమ్మా, నెమ్మదిగా పోనిస్తాను," అన్నాడు. ఆవిడ మూతి తుడుచుకుని, "నీ తప్పేముంది? పద," అంది.

కింది సెంటర్‌లో జనం కిటకిటలాడుతున్నారు. కౌంటరు దగ్గర కుర్రాడు పేరు అడిగాడు. మేనత్తకు అది వింతగా తోచింది. "నా పేరు అడుగుతున్నాడు," అంది నాతో, ఎవరో చెయ్యకూడని పని చేసినట్టు. బల్లలు నిండిపోయి ఉంటే ఎవరో లేచి చోటిచ్చారు. ఎంతసేపటికో పిలుపు వచ్చింది. అక్కడి ఫిలిప్పీన్ నర్సు చాలా ఓర్పున్న పిల్ల. బీపీ చూసి, మళ్ళీ చూసి, డాక్టరును పిలిచింది. ఎక్కువగా ఉంది. ప్రయాణం వల్లే. పడుకోబెట్టారు. ఆవిడ మంచం మీద, అధికారి మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఆవిడ గడ్డి టోపీ అతని ఒళ్ళో. ఫోను మోగుతుంటే కట్ చేస్తున్నాడు.

అలా పడుకునే ఆవిడ అతన్ని అడిగింది. "మీ అమ్మ ఉందా?"

"ఉంది."

"ఆవిడ బీపీ ఎవరు చూస్తారు?"

"మా ఇంటి వెనకే సెంటర్ ఉంది. నడిచి వెళ్తుంది."

"అదృష్టవంతురాలు," అంది మేనత్త. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే సంతోషించి అంది. అతను టోపీ అంచు సవరిస్తూ ఉండిపోయాడు.

బీపీ దిగాక, వాళ్ళు మధ్యాహ్నం నమాజు అక్కడే చేసుకున్నాక బయల్దేరాం. సగం కొండ ఎక్కేసరికి మంచు కమ్మేసింది. లైట్లు వేసినా కారు ముందు తెల్లగోడ తప్ప ఏమీ లేదు. అధికారి బండి ఆపేశాడు. ఇంతలో మంచులోంచి గొర్రెలు, వాటి వెనక తలకు ఎర్రగుడ్డ చుట్టుకున్న మనిషి. మా బంగ్లాదేశ్ కాపరి. కాలి పుండుకు నా దగ్గర చాలాకాలం కట్టు కట్టించుకున్నవాడు. అద్దంలోంచి నన్ను చూసి సలాం చేశాడు. విషయం అర్థమై గొర్రెలను కుక్కకు ఒప్పజెప్పి, తలమీది ఎర్రగుడ్డ విప్పి చేత్తో ఊపుతూ కారు ముందు నడవడం మొదలుపెట్టాడు. మేము ఆ గుడ్డ వెనక నత్తలా పాకాం.

"ఎవరతను?" అన్నాడు అధికారి.

"మా ఊరివాడు," అంది మేనత్త.

"బంగ్లాదేశ్ మనిషిలా ఉన్నాడే?"

"అవును. మా ఊరివాడే. నేను పొలంలో పడి కాలు విరిగినప్పుడు మోసుకొచ్చింది వీడే. నా కొడుకు దమ్మామ్‌లో ఉన్నాడు, వాడు విమానం దిగేసరికి నా కాలికి కట్టు ఆరిపోయింది." తర్వాత వెనక్కి తిరగకుండానే చేత్తో మమ్మల్ని చూపించింది. "ఈ పిల్లలూ అంతే. ఇందాక నువ్వు జనం ఎంతమంది అని అడిగినప్పుడు మా తమ్ముడు వీళ్ళను చెప్పలేదు. దమ్మామ్‌లో ఉన్నవాళ్ళను చెప్పాడు. వాడికి లెక్క రాదు."

రాయచోటి చెల్లెలికి అరబ్బీ బాగా వచ్చు. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇన్యావా అక్కా?" అంది నెమ్మదిగా. విన్నానన్నాను. ఆ దేశంలో నన్ను సిస్టర్ అన్నవాళ్ళున్నారు, కూతురా అన్నవాళ్ళూ ఉన్నారు. ఊరిదానివి అన్నది ఆవిడొక్కతే. నేను ఏడ్చే మనిషిని కాదు. అయినా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఊరు చేరేసరికి అసర్, అంటే సాయంత్రపు నమాజు వేళయింది. మర్కజ్ మనిషి, నాయబ్ వీధిలో నిలబడి ఎదురుచూస్తున్నారు. అధికారి ఆవిడను దింపి, టోపీ చేతికిచ్చి, కాపరి చేతిని రెండు చేతులతో పట్టుకుని కృతజ్ఞత చెప్పాడు. నాయబ్ భోజనానికి ఆపితే ఆగాడు. ఏం రాస్తాడో చెప్పలేదు, మేమూ అడగలేదు.

వాళ్ళు వెళ్ళాక నాయబ్ అక్కగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇదేదో బుధవారం నాడే చెప్పి ఉంటే నా గొర్రెలు మిగిలేవి కదా అక్కా!"

"అడిగావా?" అంది ఆవిడ.

కొన్ని వారాల తర్వాత మర్కజ్ నుంచి కబురు వచ్చింది. సెంటర్ ఉంటుంది. డాక్టరు మాత్రం వారంలో రెండు రోజులే వస్తారు, మిగతా రోజులు కింది సెంటర్‌లో. నర్సు రోజూ ఉంటుంది. నూటికి నూరు గెలుపు కాదు. డాక్టరు గారి మోకాళ్ళకు ఆ మలుపులు శిక్షే, పాపం. రోడ్డు వెడల్పు చెయ్యాలని కూడా రాశారట, ఆ సంగతి ఇంకా నడుస్తూనే ఉంది. కానీ తలుపు మూతపడలేదు.

నర్సు రోజూ ఉండాలన్నారు గానీ ఆ నర్సు నేనే కావాలని లేదు. కావాలంటే పట్నానికి మారవచ్చని, అక్కడ ఖాళీ ఉందని సూపర్‌వైజర్ ఫోన్ చేసి అడిగింది. శుక్రవారం అన్నం తింటూ ఆ మాట మా ఆయనకు చెప్పాను. దాచి పెట్టుకోదలచలేదు.

ఆయన ముద్ద పక్కన పెట్టారు. "నువ్వేమన్నావు?"

"ఇంకా ఏమీ అనలేదు. మీతో చెప్పి అందామనుకున్నా. నాకు అక్కడే ఉండాలని ఉందండీ."

"ఎందుకే? నిజంగా అడుగుతున్నా. కోపంతో కాదు."

"పట్నంలో నేను లేకపోతే ఇంకో నర్సు వస్తుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. అక్కడ నేను లేకపోతే తెలుస్తుంది. నా పని నాకు కనబడుతోంది. మిమ్మల్ని వదిలి ఉండాలని కాదు."

ఆయన చారు పోసుకుని తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఒక వారం నువ్వు దిగు, ఒక వారం నేనెక్కుతా. ప్రతిసారీ నువ్వే దిగడం ఏంటి?" అన్నారు. ఆయన అలకలు నాకు తెలుసు. అది అలక కాదు. ఆ తర్వాత వారం కంపెనీ పికప్ దొరక్కపోతే మా నాయబ్ కొడుకు కారులో పైకొచ్చేశారు. ఇప్పుడు మగవాళ్ళ గదిలో ఆయన చోటు ఆయనకుంది. ఆయన అరబ్బీ విని వాళ్ళు నవ్వుతారు, ఆయన కూడా నవ్వుతారు.

ఆ నాయబ్ కొడుకు మిలటరీలో పనిచేస్తాడు. అతని భార్య టీచరు. లోయలోని ఆడపిల్లల బడిలో ఆమెకు పోస్టింగ్ దొరకడంతో పట్నంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి పిల్లల్ని తీసుకుని ఊరికే వచ్చేసింది. కారు తనే తోలుకుంటుంది. ఆ మలుపుల్లో ఆమె పోనిచ్చే తీరు చూస్తే పఠాన్ కూడా ట్యాంకరు పక్కకు తీస్తాడు. సెంటర్ ఉంది కాబట్టే ధైర్యం చేశామని ఆమె నాతో అంది. అప్పటికి నెలలు నిండబోతున్నాయి ఆమెకు.

కాన్పు పట్నంలోనే అయింది. బిడ్డకు రెండో నెల రాగానే సూది కోసం నా దగ్గరికి తీసుకొచ్చింది. ఆడపిల్ల. వెంట మేనత్త, రాయచోటి చెల్లెలు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇంకో నలుగురు. ఆ గది అంత నిండగా నేనెప్పుడూ చూడలేదు. నేను తొడ తుడిచి సూది వేసేసరికి పిల్ల ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత గోడలదిరేలా అందుకుంది. మేనత్త నా భుజం మీద ఒక్కటి వేసింది. "పిల్లకు నొప్పి తెలియకుండా వెయ్యలేవా? ఇన్నేళ్ళుగా ఏం నేర్చుకున్నావు?"

"నొప్పి తెలియకపోతే నేను వేసినట్టు పిల్లకెలా తెలుస్తుందమ్మా?" అన్నాను. ఆడవాళ్ళంతా నవ్వారు.

తల్లి పిల్లను భుజాన వేసుకుని తడుతూ, "మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలి సిస్టర్?" అని అడిగింది.

"రెండు నెలల తర్వాత."

"ఇక్కడికే కదా?"

"ఇక్కడికే," అన్నాను. తర్వాతి పేషెంటును లోపలికి రమ్మన్నాను.